రాత్రి కావలి: లినక్సు సర్వరులలో దినదిన తనిఖీ

పూర్వము తాలూకా కచేరీలలో ఖజానా గది యొద్ద కావలి యున్న జవాను గంట గంటకు కంచు గంట కొట్టుచుండెడివాడు. ఊరివారికి అది కాలము తెలుపు గంట. తహశీలుదారుకు మాత్రము దానిలో మరియొక అర్థముండెను: కావలివాడు మేలుకొని యున్నాడని, ఖజానా యొద్ద ఇంతవరకు ఏ అలజడియు లేదని. రెండు గంటలు మ్రోగి, మూడు గంటలు మ్రోగకపోయినచో, ఆ నిశ్శబ్దమే ఆయనను నిద్రనుండి లేపవలసిన వార్త.

నేడు మన భూమి రికార్డులు, విద్యార్థుల మార్కులు, ఆసుపత్రి రోగుల వివరములు, బ్యాంకు ఖాతాలు కంప్యూటరులలో నున్నవి. ఇట్టివానిని భద్రపరచి, అడిగినవారికి అందించుచుండు కంప్యూటరును సర్వరు అందురు. సర్వరులలో పెక్కింటిని నడుపునది లినక్సు అను నిర్వహణ వ్యవస్థ. ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని లోకమునకు తెలిపెను. సర్వరు రాత్రింబగళ్ళు పని చేయును. దానిని చూచుకొను మనిషి నిద్రించును. ఆతడు నిద్రించు వేళ యంత్రమే తన్ను తాను సోదా చేసికొని, తెల్లవారుసరికి ఆ ఫలితమును ఉత్తరముగా వ్రాసి పంపవలెను. ఇది ఎట్లు జరుగునో, ఇందులో మనము ఎచ్చట మోసపోవుదుమో చూతము.

క్రాన్ అను గుమాస్తా

లినక్సులో నియమిత కాలమునకు పనులు ప్రారంభించు గుమాస్తా ఒకడు కలడు. వాని పేరు క్రాన్. కాలమను అర్థము గల గ్రీకు పదమునుండి ఈ పేరు వచ్చినదందురు. 1979లో వెలువడిన యునిక్సు ఏడవ కూర్పులోనే ఇది ఉన్నది. 1987లో పాల్ విక్సీ దీనిని విస్తరించి తిరిగి వ్రాసెను. నేటి లినక్సులలో వాడుకలో నున్న క్రాన్‌లు చాలవరకు ఆ కూర్పు సంతతివే. వాడు చేయు పని స్వల్పము. నిమిషమునకొకసారి మేల్కొనును, తన పట్టికను చూచును, ఆ నిమిషమున చేయవలసిన పని యున్నచో ప్రారంభించి మరల నిద్రించును. ఆ పట్టికకు క్రాన్‌టాబ్ అని పేరు.

పట్టికలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క పంక్తి. పంక్తి మొదట ఐదు గడులుండును. మన పంచాంగమునకు తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను ఐదు అంగములున్నట్లు, క్రాన్ పంచాంగమునకు నిమిషము, గంట, తేదీ, నెల, వారము అను ఐదు అంగములు కలవు. రెండింటికిని ఉమ్మడిది వారమొక్కటే. ఉదాహరణకు,

30 2 * * *

అని వ్రాసి, దాని ప్రక్కన తనిఖీ ప్రోగ్రాము చిరునామా వ్రాసినచో, ప్రతిదినము రాత్రి 2 గంటల 30 నిమిషములకు ఆ తనిఖీ మొదలగును. నక్షత్రపు గుర్తునకు "ఏదైనను సరే" అని అర్థము. ఆదివారము 0, సోమవారము 1, ఇట్లు శనివారము 6 వరకు. ఆదివారమునకు 7 అని వ్రాసినను చెల్లును.

ఇంత సులభముగా కనిపించు ఈ పట్టికలో మూడు గోతులున్నవి. అనుభవజ్ఞులు సైతము వానిలో పడుచుందురు.

మొదటిది తేదీ, వారముల సంగతి. "0 3 1 * 0" అని వ్రాసినవాడు, నెల మొదటి తేదీ ఆదివారమైనప్పుడు మాత్రమే పని జరుగునని తలచును. క్రాన్ అట్లు తలపదు. రెండు గడులును నింపినప్పుడు, ఏ ఒక్కటి కుదిరినను పని ప్రారంభించును. కనుక ఆ పని ప్రతి నెల మొదటి తేదీనను, ప్రతి ఆదివారమును కూడ జరుగును.

రెండవది గడియారము. సర్వరులలో పెక్కింటి గడియారములను అంతర్జాతీయ సమన్వయ కాలమునకు సరిచేసి యుంచుదురు. మన భారత కాలము దానికంటె ఐదున్నర గంటలు ముందు. అట్టి సర్వరులో పైన చెప్పినట్లు 2 గంటల 30 నిమిషములని వ్రాసినచో, తనిఖీ మనకు ఉదయము 8 గంటలకు మొదలగును. అనగా జనులు పనికి వచ్చి కంప్యూటరుల ముందు కూర్చుండు వేళకు సర్వరు తన ఫైళ్ళన్నిటిని సోదా చేసికొనుచు నత్తనడక నడచును. మనకు రాత్రి 2 గంటల 30 నిమిషములకు జరుగవలెనన్నచో అచ్చట 21 గంటలని వ్రాయవలెను. అంతియే కాదు, వారము కూడ ఒక దినము వెనుకకు జరుగును. మన ఆదివారపు అర్ధరాత్రి దాటిన వేళ ఆ గడియారమునకు ఇంకను శనివారమే.

మూడవది దారి. మనము కూర్చుండి టైపు చేయునప్పుడు, ఏ ప్రోగ్రాము ఏ మూలనున్నదో వెదకుటకు యంత్రమునకు పెద్ద జాబితా యుండును. క్రాన్ కున్న జాబితా మిక్కిలి చిన్నది. సాధారణముగా రెండు వీధులు మాత్రమే వానికి తెలియును. పగలు మన చేతిలో చక్కగా పనిచేసిన తనిఖీ, రాత్రి "అట్టి ప్రోగ్రాము లేదు" అని ఆగిపోవుటకు తరచుగా ఇదియే కారణము. ప్రోగ్రాము పూర్తి చిరునామాను వేరునుండి వ్రాయుట మేలు.

రాత్రి ఆపివేయు యంత్రములకు క్రాన్ పనికిరాదు. ఆ నిమిషము గడచిపోయిన తరువాత దానిని గూర్చి క్రాన్ మరల తలపదు. తప్పిపోయిన పనిని తరువాత చేయించుటకు అనాక్రాన్ అను వేరొక ప్రోగ్రాము కలదు. నేటి లినక్సులలో సిస్టమ్‌డి టైమరులకును ఈ శక్తి యున్నది. పని మొదలగు సమయమును కొన్ని నిమిషములు అటునిటు చెదరగొట్టు సదుపాయము కూడ వానిలో నున్నది. ఒకే భవనములో వంద సర్వరులు ఒకే నిమిషమున సోదా మొదలుపెట్టకుండుటకు ఇది మంచి ఉపాయము.

సోదా అనగా ఏమి?

సోదా పలు విధములు. మొదటిది పోలీసు ఠాణాలోని పాత నేరస్థుల ఫోటోల వంటిది. ఇదివరకు పట్టుబడిన దుష్ట ప్రోగ్రాముల గుర్తులను పోగుచేసి, ప్రతి ఫైలును వానితో పోల్చి చూతురు. క్లామ్‌ఏవీ అను ఉచిత ప్రోగ్రాము ఈ పని చేయును. దానికి ఫ్రెష్‌క్లామ్ అను సహాయకుడుండి, క్రొత్త గుర్తులను ఎప్పటికప్పుడు తెచ్చిపెట్టును. ఆ గుర్తుల పుస్తకము ఇప్పుడెంత పెరిగినదనగా, దానిని జ్ఞాపకములోనికి తెచ్చుకొనుటకే ఒక గిగాబైటుకు పైగా స్థలము కావలెను. చిన్న సర్వరుపై ఈ తనిఖీ మొదలైనంతనే జ్ఞాపకము చాలక, వ్యవస్థ ఏదో ఒక ప్రోగ్రామును బలవంతముగా ఆపివేయును. దొంగను వెదకబోయి ఇంటివానిని వెళ్ళగొట్టినట్లగును.

ఫోటోల పుస్తకములో లేని క్రొత్త దొంగ మాటేమి? రెండవ విధము దానికై ఏర్పడినది. ఇందులో దొంగను వెదకరు. ఇంటి సామానును లెక్కపెట్టుదురు. ముఖ్యమైన ప్రతి ఫైలునకును ఒక గణిత క్రియ చేసి, దాని "వేలిముద్ర" తీసి దాచుదురు. షా-256 అను క్రియలో ఈ వేలిముద్ర 64 అక్షరముల పొడవుండును. ఫైలు ఎంత పెద్దదైనను అంతియే; ఫైలులో ఒక్క అక్షరము మారినను వేలిముద్ర గుర్తుపట్టరానంతగా మారిపోవును. ప్రతి రాత్రి క్రొత్తగా వేలిముద్రలు తీసి పాతవానితో పోల్చి, మారినవానిని మాత్రము తెలియజేయుదురు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయములో జీన్ కిమ్, యూజీన్ స్పాఫర్డ్ అనువారు 1992లో ట్రిప్‌వైర్ అను పేరుతో ఇట్టి ప్రోగ్రామును వెలువరించిరి. నేడు లినక్సులో ఎయిడ్ అను ఉచిత ప్రోగ్రాము ఆ పని చేయుచున్నది. పాత వేలిముద్రల పుస్తకమును అదే సర్వరులో దాచుట మాత్రము అవివేకము. ఇంటిలో ప్రవేశించిన దొంగ సామానుతోపాటు సామాను జాబితాను కూడ దిద్దిపోగలడు.

మూడవ విధము రూట్‌కిట్‌ల వెదకులాట. రూట్‌కిట్ అనగా చొరబడినవాడు తన జాడలను దాచుకొనుటకు వేసికొను ముసుగు. ఫైళ్ళ జాబితా చూపు ప్రోగ్రామునే మార్చివేసి, తన ఫైళ్ళు అందు కనబడకుండ చేయును. ఆర్‌కె హంటర్, 1997లో పుట్టిన చెక్‌రూట్‌కిట్ అనునవి ఇట్టి ముసుగులను వెదకును. ఇవికాక లినిస్ అను ప్రోగ్రాము, దొంగ వచ్చినాడా యని కాక, ఏ తలుపునకు గడియ సరిగా లేదో చూచి చెప్పును.

తనిఖీ వలన నిత్యపు పనులు కుంటుపడకుండ, దానికి తక్కువ ప్రాధాన్యమిచ్చి నడపవలెను. ఫైళ్ళు పెరిగినకొలది సోదాకు పట్టు కాలము పెరుగును. నేటి సోదా ముగియకమునుపే రేపటి సోదా మొదలైనచో రెండును ఒకదానినొకటి త్రొక్కుకొనును, మూడవనాటికి మూడు. దీనికి తాళపు ఫైలు నుంచుదురు. లోపల ఒకడున్నంతవరకు రెండవవాడు తలుపు తాకి వెనుదిరుగును.

ఉత్తరము చేరు దారి

క్రాన్ ప్రారంభించిన పని ఏదైనను మాటలు పలికినచో, ఆ మాటలను పోగుచేసి క్రాన్ ఉత్తరముగా పంపును. ఎవరికి పంపవలెనో పట్టికలో మెయిల్‌టు అను పంక్తిలో వ్రాయవచ్చును. వ్రాయనిచో పట్టిక సొంతదారునకు, అనగా తరచుగా ఆ సర్వరులోనే యున్న రూట్ అను ఖాతాకు చేరును. ఆ పెట్టెను తెరచి చూచువారు అరుదు. ఏండ్ల తరబడి వేల ఉత్తరములు అందు పేరుకొని యుండుటను నేనెరుగుదును.

బయటి చిరునామాకు పంపవలెనన్నచో దారిలో అడ్డంకులు కలవు. అద్దెకు సర్వరులిచ్చు సంస్థలు పెక్కు, దుర్వినియోగమునకు వెరచి, ఉత్తరములు పోవు 25వ నంబరు ద్వారమును ముందుగనే మూసి యుంచును. అప్పుడు వేరొక ఉత్తరముల సర్వరుకు 587వ ద్వారముగుండ సంకేతపదముతో అందించి, దానిద్వారా పంపవలెను. చేరిన చోట కూడ, పంపినవాడు ఆ పేరు పెట్టుకొనుటకు హక్కుగలవాడేనా యని విచారింతురు. సరియైన ఆధారము చూపని ఉత్తరము చెత్తబుట్ట పాలగును. మన కావలివాడు ప్రతిదినము గంట కొట్టుచునే యుండును, గాలి ఎదురుగా వీచుటచే మనకు వినబడదు.

ఉత్తరములో ఏమి యుండవలెనన్నది వేరొక ప్రశ్న. ఏ తలుపునకు గడియ లేదో వివరముగా వ్రాసి పంపుట, కార్డుముక్కపై ఇంటి రహస్యములు వ్రాసి తపాలాలో వేయుట వంటిది. ఉత్తరములో సర్వరు పేరు, తేదీ, ఎన్ని ఫైళ్ళు చూచినది, ఎన్నిటిని అనుమానించినది, ఎంతసేపు పట్టినది అను ఐదు ముక్కలు చాలును. పూర్తి నివేదికను భద్రమైన చోట దాచి, అవసరమైనప్పుడు చూచుకొనవచ్చును.

క్లామ్‌స్కాన్ తన పని ముగించునప్పుడు ఒక అంకెను కూడ విడిచిపోవును. ఏమియు దొరకనిచో 0, వైరసు దొరికినచో 1, తనిఖీయే చెడినచో 2. చాలమంది 1 వచ్చినప్పుడు మాత్రమే ఉత్తరము పంపునట్లు ఏర్పాటు చేయుదురు. నా అభిప్రాయములో వీనిలో భయపడదగినది 2. దొంగ దొరికినాడనిన కావలివాడు మేలుకొనియే యున్నాడు. 2 అనిన కావలివాడే పడిపోయినాడు.

ఇచ్చట నా సంగతి ఒకటి చెప్పవలెను. కొంతకాలము క్రిందట ఒక విద్యాసంస్థ సర్వరును చూచుకొను పని నాపై పడినది. ప్రతి ఉదయము తనిఖీ ఉత్తరము వచ్చెడిది. "వ్యాధి సోకిన ఫైళ్ళు: 0" అను పంక్తిని చూచి, తృప్తితో కాఫీ త్రాగి, ఇతర పనులలో పడెడివాడను. ఇట్లు నాలుగు నెలలు గడచిన పిమ్మట ఒకనాడు తీరికగా ఉత్తరమంతయు చదివితిని. దాని పై పంక్తిలో "చూచిన ఫైళ్ళు: 0" అని యున్నది! విద్యార్థుల ఫైళ్ళన్నిటిని క్రొత్త డిస్కునకు మార్చిననాటినుండి, తనిఖీ పాత చోటనున్న ఖాళీ డైరెక్టరీని ప్రతిరాత్రి నిష్ఠతో సోదా చేయుచున్నది. అది అబద్ధమాడలేదు. చూచినది సున్న, దొరికినది సున్న. మార్చినది నేనే, ఉత్తరము చదివినదియు నేనే. ఆ రోజే క్రొత్త చోటును తనిఖీ చేయించగా, ఎవరో విద్యార్థి రెండు నెలల క్రితము తెచ్చిపెట్టిన వైరసు ఫైలు ఒకటి బయటపడినది. అది విండోసు యంత్రములకు సోకునదగుటచే సర్వరునకు హాని కలుగలేదు. దానిని తీసికొనిపోయినవారి యిండ్లలోని యంత్రముల గతి యేమైనదో నాకు తెలియదు. నాటినుండి చూచిన ఫైళ్ళ సంఖ్య నిన్నటికంటె చాల తగ్గినచో అదియు ప్రమాద సూచనగా పంపునట్లు ఏర్పాటు చేసితిని.

అసత్యపు హెచ్చరికలు ఇంకొక చిక్కు. సర్వరులోని ప్రోగ్రాములకు సవరణలు వేసిన మరునాడు వందల ఫైళ్ళ వేలిముద్రలు మారియుండును; అవన్నియు న్యాయమైన మార్పులే. నాన్నా పులి కథలోని గొల్లపిల్లవానివలె తనిఖీ ప్రతివారము కేకలు వేసినచో, నిర్వాహకుడు ఆ ఉత్తరములను చదువకుండ ఒక మూలకు పోవునట్లు జల్లెడ అమర్చుకొనును. సవరణ వేసిన వెంటనే వేలిముద్రలను తిరిగి తీసికొనుటయే దీనికి మందు. కాని తీసికొనుటకు ముందు, మారినవి సవరణ మార్చినవే యని ఒకసారి సరిచూచుకొనవలెను. లేనిచో చొరబడినవాడు మార్చిన ఫైలునకు మనమే ముద్ర వేసి మంచిదని ఒప్పుకొన్నట్లగును.

ఉదయపు ఉత్తరమును చదువుట మన దేశములో ఇప్పుడు చట్టముతో కూడిన సంగతి. కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఉత్తరువుల ప్రకారము, పేర్కొన్న తరగతుల చొరబాట్లను గమనించిన లేక తమ దృష్టికి వచ్చిన 6 గంటలలోపల ఆ సంస్థకు తెలుపవలెను. సర్వరుల దినచర్య పట్టీలను 180 దినములు దేశములోనే భద్రపరచవలెను. గడియారములను నిర్ణీత ప్రమాణ కాలముతో సరిచేసి యుంచవలెను.

కోయిల గుడ్డు

కోయిల తన గుడ్లను కాకి గూటిలో పెట్టునని, కాకి వానిని తనవే యనుకొని పొదుగునని మనకందరకు తెలిసినదే. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో ఇట్టి కథయే జరిగినది. క్లిఫర్డ్ స్టాల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ ప్రయోగశాల కంప్యూటరు లెక్కలలో 75 సెంట్ల తేడాను గమనించి, దాని మూలమును వెదకబోయి, పశ్చిమ జర్మనీనుండి చొరబడుచున్న ఒకనిని కనిపెట్టెను. ఆ చొరబడినవాడు వాడిన ఉపాయము మన విషయమునకు మిక్కిలి దగ్గరది. ఆ యంత్రములో ఉత్తరములను ఒక చోటినుండి మరియొక చోటికి చేర్చు ప్రోగ్రామునకు ఉండదగనంత అధికారముండెను. దాని సాయముతో అతడు, వ్యవస్థ ఐదు నిమిషములకొకసారి సర్వాధికారముతో నడుపు ఆట్‌రన్ అను ప్రోగ్రాము స్థానమున తన ప్రోగ్రామును పెట్టెను. ఐదు నిమిషములలో యంత్రమే దానిని పొదిగి, అతనికి సర్వాధికారము నిచ్చెను. అటుపిమ్మట అసలు ప్రోగ్రామును యథాస్థానమున ఉంచి అతడు తన జాడను తుడిచివేసెను. 1989లో స్టాల్ ఈ వృత్తాంతమును కోయిల గుడ్డను అర్థమిచ్చు పేరుతోనే పుస్తకముగా ప్రకటించెను.

నియమిత కాలమునకు పనిచేయించు గుమాస్తా, ఉత్తరములు చేరవేయు బంట్రోతు: మన తనిఖీ ఆధారపడిన ఇద్దరు సేవకులును నాడు శత్రువు పని చేసిరి. నేడును సర్వరులలో చొరబడి, అన్యుల యంత్రములపై క్రిప్టో నాణెములు తవ్వుకొనువారు మొట్టమొదట చేయు పనులలో ఒకటి క్రాన్ పట్టికలో తమ పంక్తి నొకదానిని చేర్చుట. వారి ప్రోగ్రామును మనము తొలగించినను, ఆ పంక్తి కొద్ది నిమిషములలో దానిని తిరిగి తెచ్చిపెట్టును. కనుక ప్రతిరాత్రి వేలిముద్ర తీయవలసిన ఫైళ్ళలో క్రాన్ పట్టికలు, టైమరుల ఫైళ్ళు, తనిఖీ ప్రోగ్రాములు తప్పక ఉండవలెను.

సర్వాధికారము చేజిక్కించుకొన్నవాడు తనిఖీని ఆపివేయవచ్చును. లేక "అంతయు క్షేమము" అను ఉత్తరమును తానే వ్రాయవచ్చును. రెండవదానికి పూర్తి విరుగుడు ఆ యంత్రములోపల లేదు. అనుమానము కలిగినప్పుడు దానిని ఆపి, దాని డిస్కును శుభ్రమైన వేరొక వ్యవస్థతో తెరచి చూడవలసినదే. మొదటిదానికి ఉపాయము తాలూకా కచేరీ గంటయే. అంతయు బాగున్న రోజున కూడ ఒక చిన్న ఉత్తరము తప్పక రావలెను. అది రాకపోవుటను కనిపెట్టుటకు వేరొక యంత్రములో ఒక గడియార ముండవలెను. ఉదయము 6 గంటలలోపల ఫలానా సర్వరునుండి గంట వినబడనిచో, ఆ రెండవ యంత్రము నిర్వాహకుని ఫోనును మ్రోగించును.

ఈ ఏర్పాటంతయు పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు నిజమైన వైరసు నెవరును తెచ్చిపెట్టనక్కరలేదు. ఐకార్ అను ఐరోపా సంస్థ పేరుతో ప్రసిద్ధమైన పరీక్షా వాక్యమొకటి కలదు. దాని పొడవు 68 అక్షరములు. దానివలన ఏ హానియు లేదు. ఐనను వైరసులను వెదకు ప్రోగ్రాములు దానిని చూచి దొంగ యని కేక వేయునట్లు ముందుగనే ఒప్పందము చేసికొని యున్నవి. సాయంకాలము ఇంటికి పోవునప్పుడు ఆ వాక్యము గల ఫైలు నొకదానిని సర్వరులో ఒక మారుమూల డైరెక్టరీలో ఉంచవలెను, ఎచ్చట ఉంచినది కాగితముపై వ్రాసికొనవలెను. మరునాడు ఉదయము వచ్చిన ఉత్తరములో ఆ ఫైలు పేరున్నదా యని చూడవలెను. నేను మూడు నెలలకొకసారి ఈ పరీక్ష చేయుచున్నాను. ఇంతవరకు రెండుసార్లు ఆ పేరు రాలేదు.